ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్లలో ఏది కొనాలి? కార్డుల కాలం నుంచి ఫోన్ల కాలం దాకా ఒక పోలిక

సర్వేయింగ్ పాఠాలు చెబుతూ ఉద్యోగ జీవితమంతా తిరుపతిలోనే గడిపిన నన్ను ఇప్పటికీ ఏటా నలుగురైదుగురు ఒకే ప్రశ్న అడుగుతుంటారు: ప్రోగ్రామ్ రాసుకోగల సైంటిఫిక్ కాలిక్యులేటర్ కొనాలంటే ఏది కొనాలి? అడిగేవారు మూడు రకాలు. మొదటివారు డిప్లొమా, బీటెక్ చదువుతున్న సివిల్ విద్యార్థులు. రెండోవారు రేణిగుంట, ఏర్పేడు, చంద్రగిరి వైపు లేఅవుట్లు కొలిచి హద్దురాళ్లు పాతించే సర్వేయర్లు, సైట్ ఇంజనీర్లు. మూడోవారు నా వయసువారు; చదువుకునే రోజుల్లో ప్రొఫెసర్ గారి బల్ల మీద దూరం నుంచి చూసి, ముట్టుకునే ధైర్యం లేక వెనుదిరిగిన యంత్రాన్ని ఇప్పుడు పింఛను డబ్బుతోనైనా సొంతం చేసుకోవాలని ఆశపడేవారు. ఈ ముగ్గురికీ ఒకే జవాబు చెప్పడం కుదరదు.

కొనబోయేవారు సాధారణంగా ఎన్ని ఫంక్షన్లున్నాయి, తెర ఎంత పెద్దది, ధర ఎంత అని చూస్తారు. నేను ముందుగా అడిగేది వేరు. మీరు గంటసేపు కూర్చుని మీటలు నొక్కి ఎక్కించిన ప్రోగ్రామ్, యంత్రాన్ని ఆపివేశాక ఎక్కడ ఉంటుంది? అది పోతే మళ్లీ ఎలా ఎక్కిస్తారు? 1974 నుంచి వచ్చిన జేబు యంత్రాల చరిత్ర అంతా ఈ రెండు ప్రశ్నలకు ఒక్కొక్క కంపెనీ చెప్పిన జవాబుల చరిత్రేనని నా అభిప్రాయం. అందుచేత వాటిని ఆ దృష్టితోనే పోల్చి చూపుతాను.

ముందు విద్యార్థుల సంగతి

పరీక్ష కోసమే అయితే ఈ వ్యాసంలో చెప్పబోయే ఏ యంత్రమూ కొనవద్దు. గేట్ పరీక్షలో 2016 నుంచి కంప్యూటర్ తెర మీద కనిపించే వర్చువల్ కాలిక్యులేటర్‌నే వాడాలి; సొంతది లోపలికి తీసుకుపోనివ్వరు. మన విశ్వవిద్యాలయాల పరీక్షల్లో సాధారణంగా నాన్-ప్రోగ్రామబుల్ రకానికే అనుమతి ఉంటుంది. మీ హాల్ టికెట్ మీద ఉన్న నిబంధన ఒకసారి చదువుకోండి. కాసియో ఎఫ్‌ఎక్స్-991 వరుసలోని కాలిక్యులేటర్లు మాత్రికలు, సమాకలనం, సమీకరణాల సాధన అన్నీ చేసినా ప్రోగ్రామ్ రాసుకునే వీలు లేనివే కాబట్టి పరీక్షకు అవే సరిపోతాయి. నేను ఇన్విజిలేటర్‌గా ఉన్న ఒక పరీక్షకు ఒక కుర్రవాడు వాళ్ల అన్నగారి ప్రోగ్రామబుల్ యంత్రం తెచ్చాడు. చూడటానికి మామూలు కాలిక్యులేటర్‌లాగే ఉన్నా, మీటల మధ్య ‘ప్రోగ్’ అన్న మాట కనబడగానే దాన్ని బల్ల మీద పెట్టించక తప్పలేదు. ఆ రోజు అతను మూడు గంటలూ లాగ్ టేబుళ్లతోనే నెట్టుకొచ్చాడు.

ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలన్న ఆసక్తితో కొనాలనుకునే విద్యార్థి మాత్రం ఇక్కడి నుంచి చదవవచ్చు.

పోల్చడానికి ఒక లెక్క

యంత్రాలను పోల్చాలంటే అన్నిటికీ ఒకే పని అప్పగించి చూడాలి. నేను అప్పగించే పని మన ప్రాంతంలో రోజూ ఎదురయ్యేదే. లేఅవుట్ మూలలో మిగిలిపోయిన త్రిభుజాకారపు స్థలం ఒకటి ఉందనుకోండి. దాని భుజాలు 39, 42, 45 అడుగులు. అది ఎన్ని అంకణాలు? తిరుపతిలో అంకణమంటే 36 చదరపు అడుగులు, నెల్లూరులో 72. నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ స్థలం బేరమాడేవారు ఈ తేడా తెలియక, అంకణం ధర ఇంత తక్కువా అని సంబరపడటం నేను చూశాను.

హెరాన్ సూత్రం ప్రకారం మూడు భుజాల మొత్తంలో సగం 63. అందులోంచి ఒక్కొక్క భుజాన్నీ తీసివేస్తే 24, 21, 18 వస్తాయి. ఈ నాలుగు సంఖ్యలనూ గుణిస్తే 5,71,536. దాని వర్గమూలం 756 చదరపు అడుగులు. 36తో భాగిస్తే సరిగ్గా 21 అంకణాలు. ఒక్క ముక్కకైతే చేత్తో చేసుకోవచ్చు. ఒకే రోజు అలాంటివి ముప్పై తేల్చవలసి వచ్చినప్పుడే, భుజాలు ఇచ్చి ఒక్క మీట నొక్కితే అంకణాలు చెప్పే యంత్రం విలువ తెలుస్తుంది.

ఇక్కడే యంత్రాలు రెండు తెగలుగా విడిపోతాయి. హ్యూలెట్ ప్యాకార్డ్, అంటే హెచ్‌పీ, యంత్రాలలో ఎక్కువ భాగం రివర్స్ పోలిష్ పద్ధతిలో నడుస్తాయి. బ్రాకెట్లు అక్కరలేకుండా, క్రియాగుర్తును ముందు పెట్టి సూత్రాలు రాసే పద్ధతిని 1920లలో పోలండ్ తర్కశాస్త్రవేత్త యాన్ వుకాషియెవిచ్ రూపొందించారు. దాన్ని తిరగేసి సంఖ్యలను ముందు, గుర్తును తర్వాత పెడితే ఈ పద్ధతి అవుతుంది. తెలుగువారికి ఇది వింతగా తోచవలసిన పని లేదు. ‘నాలుగుకు అయిదు కలుపు’ అని క్రియను చివరనే చెప్పే భాష మనది. భుజాలను యంత్రం మెమరీలోని 1, 2, 3 అరల్లో దాచుకున్నాక ప్రోగ్రామ్ ఇలా సాగుతుంది: 1 తెచ్చు, 2 తెచ్చు, కూడు, 3 తెచ్చు, కూడు, 2, భాగించు, 4లో దాచు, 1 తెచ్చు, తీసివేయి, 4 తెచ్చు, గుణించు, 4 తెచ్చు, 2 తెచ్చు, తీసివేయి, గుణించు, 4 తెచ్చు, 3 తెచ్చు, తీసివేయి, గుణించు, వర్గమూలం, 36, భాగించు. హెచ్‌పీ-25 లెక్కన ఇది 24 స్టెప్పులు; స్టెప్పు అంటే యంత్రానికిచ్చే ఒక్క ఆదేశం, 36లోని రెండు అంకెలు రెండు స్టెప్పులు. దాని మొత్తం సామర్థ్యం 49 స్టెప్పులే కాబట్టి సగం నిండిందన్నమాట.

టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్, కాసియో కంపెనీలు రెండో తెగ. వాటిలో లెక్కను బ్రాకెట్లతో, పాఠ్యపుస్తకంలో రాసే వరుసలోనే నొక్కుతాం. ఇటీవలి కాసియోల తెర మీద సూత్రం ఉన్నది ఉన్నట్టే కనబడుతుంది కూడా. నా చేతికి మొదటి పద్ధతే అలవాటు, తప్పు ఎక్కడ దొర్లిందో అందులోనే త్వరగా తెలుస్తుందని నా నమ్మకం. అయితే సైట్‌లో ఒకే యంత్రం ముగ్గురి చేతులు మారుతుంటే మాత్రం రివర్స్ పోలిష్ తలనొప్పే. సమానం గుర్తు మీట కోసం వెతికి వెతికి, అది లేదని తెలిసి, చివరికి జేబులోంచి ఫోన్ తీసేవారే ఎక్కువ.

కార్డులో దాచుకున్న యంత్రాలు

1972లో 395 డాలర్లకు వచ్చిన హెచ్‌పీ-35తో లెక్కలకు వాడే జారుడు స్కేలు, అంటే స్లైడ్ రూల్, పని ముగిసింది. మీటలు 35 ఉన్నాయి కాబట్టి దానికి ఆ పేరు. అది త్రికోణమితి, లాగరిథమ్‌లు చేసేది గానీ ప్రోగ్రామ్‌ను గుర్తుంచుకునేది కాదు. ఆ పని చేసిన మొదటి జేబు యంత్రం 1974 జనవరిలో వచ్చిన హెచ్‌పీ-65. ధర 795 డాలర్లు. డాలరుకు సుమారు 8 రూపాయలున్న ఆ రోజుల్లో, దిగుమతి సుంకం లెక్కలోకి తీసుకోకుండానే ఆరు వేల రూపాయలు దాటుతుంది. అంటే అది మన ఇళ్లలోకి వచ్చే వస్తువు కాదు.

ప్రోగ్రామ్ ఎక్కడ ఉంటుందన్న ప్రశ్నకు అది చెప్పిన జవాబు నేటికీ ముచ్చటగానే ఉంటుంది. చిటికెన వేలంత వెడల్పున్న సన్నని అయస్కాంత కార్డును పక్కనున్న చీలికలో పెడితే లోపలి చిన్న మోటారు దాన్ని అందుకుని రెండో వైపుకు నడిపించి వదులుతుంది. దారిలో 100 స్టెప్పుల ప్రోగ్రామ్ కార్డు మీదికో, కార్డు నుంచి యంత్రంలోకో చేరుతుంది. తర్వాత అదే కార్డును పై వరుస మీటలకు ఎగువనున్న కిటికీలో దూర్చిపెడతాం. కార్డు మీద మనం పెన్నుతో రాసుకున్న మాటలు సరిగ్గా అయిదు మీటల పైన వచ్చి నిలుస్తాయి కాబట్టి, కార్డు మారినప్పుడల్లా ఆ మీటల పేర్లు కూడా మారిపోతాయి. ‘భుజాలు’, ‘అంకణాలు’ అని తెలుగులో రాసుకున్నా అడ్డులేదు. ప్రోగ్రామ్ చెరిగిపోకుండా కాపాడుకోవాలంటే, ఆడియో క్యాసెట్ వెనుక చెవి విరిచినట్టు, కార్డు మూల కత్తిరించాలి. 1975 జులైలో అపోలో-సోయజ్ యాత్రలో అమెరికన్ వ్యోమగాములు తమ నౌకలోని కంప్యూటర్‌కు తోడుగా దీన్నే వెంట తీసుకువెళ్లారు.

ఆ తర్వాత రెండు కంపెనీల మధ్య పోటీ వల్ల కొనేవారికి మేలే జరిగింది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1975లో ఎస్‌ఆర్-52ను 224 స్టెప్పులతో, 395 డాలర్లకు తెచ్చింది. హెచ్‌పీ 1976లో హెచ్‌పీ-67తో బదులిచ్చింది. 1977లో వచ్చిన టీఐ-59లో 960 స్టెప్పుల దాకా పట్టేవి, ధర సుమారు 300 డాలర్లు. అంటే మూడేళ్లలో ధర సగంకంటే దిగి, సామర్థ్యం తొమ్మిది రెట్లకు మించి పెరిగింది. పైగా అందులో జాగాను మనమే పంచుకోవచ్చు: ప్రోగ్రామ్ పెద్దదైతే సంఖ్యలు దాచే అరలు తగ్గించుకుని, అరలు కావాలంటే స్టెప్పులు వదులుకునేవాళ్లం, ప్రతి పది అరలకు 80 స్టెప్పులు. వెనుక భాగంలో గోరంత ప్లాస్టిక్ మాడ్యూల్ అమర్చితే 5,000 స్టెప్పుల దాకా సిద్ధ ప్రోగ్రాములు వచ్చేవి. వాటిలో సర్వేయింగ్‌కు విడిగా ఒక మాడ్యూల్ ఉండేది; ప్రోగ్రామ్ రాయడం రానివారు కూడా దానితో ట్రావర్స్ లెక్కలు, అంటే వరుస గీతల పొడవులు, దిశలు కొలిచి స్థలం హద్దు తేల్చే లెక్కలు, చేసుకోగలిగేవారు.

ఇప్పుడు వీటిని కొనవచ్చా? కొలువులో బొమ్మలా అలంకరించడానికైతే తప్పక కొనవచ్చు. వాడటానికైతే మూడు అడ్డంకులున్నాయి. ఎర్రటి ఎల్‌ఈడీ అంకెలు నీడలో ఎంత అందంగా కనబడతాయో మన ఎండలో అంతగా మాయమైపోతాయి. నికెల్-కాడ్మియం బ్యాటరీలు దశాబ్దాల క్రితమే కారిపోయి ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యంగా, కార్డును నడిపించే చిన్న రబ్బరు చక్రం కాలక్రమంలో మెత్తబడి జిగురుగా మారుతుంది.

ఈ మూడో అడ్డంకిని నేను డబ్బిచ్చి మరీ నేర్చుకున్నాను. ఇంటర్నెట్‌లో ఒక అమ్మకందారు దగ్గర పాత కార్డు యంత్రం ఒకటి తెప్పించుకున్నాను. ఏ కంపెనీదన్నది ఇక్కడ అప్రస్తుతం. ఫోటోలో కొత్తదానిలా మెరిసింది. ‘పూర్తిగా పరీక్షించినది’ అన్న హామీ కూడా ఉంది. ఇంటికి వచ్చాక మూత తీస్తే బ్యాటరీ గదిలో పచ్చని తుప్పు. అది గీకి, తాత్కాలికంగా కరెంటు ఇచ్చి కార్డు పెడితే మోటారు గుర్రుమంది గానీ కార్డు కదల్లేదు. మెల్లగా వెనక్కి లాగితే దాని అంచున నల్లని పదార్థం పనస జిగురులా వేళ్లకు అంటుకుంది. కొబ్బరినూనె రాసుకుంటే తప్ప వదల్లేదు. చక్రం ఉన్న చోట స్పిరిట్‌తో తుడిచి, చేపల తొట్టి గాలిపంపుకు వాడే సన్నని సిలికాన్ గొట్టం ముక్క కోసి తొడిగాను. కొలత కుదరడానికి మూడు వారాలు, అయిదు ముక్కలు పట్టాయి. చివరికి కార్డు నడిచింది. ఆ సంతోషం వేరు, కాని ఆ మూడు వారాలూ నా లెక్కలన్నీ చేసిపెట్టింది కాసియోనే.

ఆపివేసినా మరచిపోని యంత్రాలు

కార్డు అక్కరలేని దారి 1976లో హెచ్‌పీ-25సీతో తెరుచుకుంది. అంతకు ముందు ఏడాది 195 డాలర్లకు వచ్చిన హెచ్‌పీ-25, ఆపగానే ప్రోగ్రామ్‌ను మరచిపోయేది. ప్రతి ఉదయం ఆ 24 స్టెప్పులూ మళ్లీ కొట్టాలి. పేరులో ‘సీ’ చేరినదానిలో, చాలా తక్కువ విద్యుత్తుతో నిలిచే సీమాస్ మెమరీ వల్ల, ఆపివేసినా ప్రోగ్రామ్ అలాగే ఉండేది. టెక్సస్ వారు ఇదే సదుపాయంతో 1979లో టీఐ-58సీ తెచ్చారు. పాత హెచ్‌పీ-25 ఎవరైనా ఇస్తే ఒక జాగ్రత్త: బ్యాటరీ ప్యాక్ లేకుండా చార్జర్ మాత్రమే తగిలించి ఆన్ చేయకూడదు, లోపలి చిప్పులు కాలిపోతాయి.

1979 ఈ యంత్రాలకు పంట పండిన ఏడాది. హెచ్‌పీ-34సీలో ఏ సమీకరణానికైనా మూలం వెతికే మీట, సమాకలనం చేసే మీట మొదటిసారి వచ్చాయి. వాటి వెనుక ఉన్న గణితం బర్కిలీ ఆచార్యుడు విలియం కహాన్‌ది. కంప్యూటర్లలో దశాంశ సంఖ్యల లెక్కలకు నేటికీ ఆధారమైన ప్రమాణం రూపకల్పనలో ముఖ్యుడైన ఆయనకు 1989లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. రోడ్డు మలుపులను నేల మీద గుర్తించే కర్వ్ సెట్టింగ్ పని చేసేవారికి మూలం వెతికే మీట విలువ బాగా తెలుస్తుంది: తీగ పొడవు, చాపం పొడవు ఇచ్చి వ్యాసార్ధం కనుక్కోమంటే దానికి సూటి సూత్రం ఉండదు, అంచనా వేస్తూ దగ్గరికి పోవలసిందే. మన తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లాంటి చోట ఆ అంచనాలు చేత్తో చేసినవారిని తలచుకుంటే నమస్కరించాలనిపిస్తుంది.

అదే ఏడాది వచ్చిన హెచ్‌పీ-41సీని నేను ఈ తెగ మొత్తంలో మేటి యంత్రమంటాను. ఎల్‌సీడీ తెర కాబట్టి ఎండలో కనబడుతుంది. అక్షరాలు చూపుతుంది కాబట్టి ‘భుజం 1?’ అన్నట్టు అడిగే ప్రోగ్రామ్ రాయవచ్చు. పై అంచున నాలుగు అరలుంటాయి. వాటిలో అదనపు మెమరీ, కార్డ్ రీడర్, ప్రింటర్, గడియారం మాడ్యూల్, బార్‌కోడ్ చదివే పుల్ల లాంటివి తగిలించుకోవచ్చు. అంటే మన ప్రశ్నకు ఇది ఒక జవాబుతో సరిపెట్టుకోలేదు: ప్రోగ్రామ్ లోపల నిలుస్తుంది, కార్డు మీదికీ పోతుంది, కాగితం మీద ముద్రించిన బార్‌కోడ్‌లోనూ ఉండగలదు. 1981లో మొదటి స్పేస్ షటిల్ యాత్రతో మొదలుపెట్టి ఇది అంతరిక్షంలోకీ వెళ్లింది. ఇప్పుడు కొనేవారికి ఇబ్బంది బ్యాటరీలతో వస్తుంది. ఇందులో నాలుగు ‘ఎన్’ సైజు సెల్స్ పడతాయి. పెన్సిల్ సెల్ కంటే పొట్టిగా ఉండే ఆ సెల్ కోసం తిరుపతిలో నేను తిరిగిన కొట్లలో ప్రతిచోటా రిమోట్ సెల్ చేతిలో పెట్టి ‘ఇదే సార్’ అన్నారు. దాన్ని ఆన్‌లైన్‌లో ఒకేసారి డజను తెప్పించుకోవడమే మార్గం.

1982లో వచ్చిన హెచ్‌పీ-15సీ దీనికి పూర్తిగా భిన్నమైన యంత్రం. అడ్డంగా పట్టుకునే చెక్ బుక్కంత పలకలో మాత్రికలు, సంకీర్ణ సంఖ్యలు, మూలం వెతకడం, సమాకలనం అన్నీ ఇమిడ్చారు. మూడు బొత్తాం సెల్స్ ఏళ్ల తరబడి వస్తాయి. లోపమల్లా ఒకటే: లోపలికి పోయిన ప్రోగ్రామ్ బయటికి వచ్చే దారి లేదు. సెల్స్ పూర్తిగా అయిపోతే కాగితం చూసుకుని మళ్లీ కొట్టుకోవాలి. 1988 నాటి హెచ్‌పీ-42ఎస్ కూడా అంతే. 41సీ కోసం రాసిన ప్రోగ్రాములను అర్థం చేసుకునే మంచి యంత్రమే గానీ, పరారుణ కిరణాలతో ప్రింటర్‌కు పంపడం తప్ప ఇంకేమీ బయటికి రాదు.

కాసియో దారి పొదుపైన దారి. 1979 నాటి ఎఫ్‌ఎక్స్-502పీకి చిన్న అడాప్టర్ తగిలిస్తే మామూలు టేప్ రికార్డర్ క్యాసెట్ మీద ప్రోగ్రామ్ దాచుకోవచ్చు. సోవియట్ యూనియన్‌లో 1980లలో విస్తారంగా అమ్ముడైన ఎలక్ట్రానికా ఎంకే-61లో 105 స్టెప్పులు పట్టేవి, అదీ రివర్స్ పోలిష్ యంత్రమే, ఆపితే అన్నీ మరచిపోయేది. దాని తోబుట్టువు ఎంకే-52లో మాత్రం చెరిగిపోని మెమరీ చిప్ పెట్టారు. ఈ రష్యన్ యంత్రాల తెర మీద వచ్చే ‘ఎర్రర్’ అన్న మాట వాళ్ల లిపిలో ‘యెగ్గోగ్’ అని చదవబడేది. యంత్రం చాటుగా చేసే వింతలను వెతికే అభిరుచికి అక్కడి కుర్రకారు ఆ పేరే పెట్టుకున్నారు. సరదా కోసం కొనదలిస్తే ఎంకే-61 మంచిదే, పనికి మాత్రం కాదు.

1985లో కాసియో ఎఫ్‌ఎక్స్-7000జీతో గ్రాఫులు గీసే కాలిక్యులేటర్లు మొదలయ్యాయి. తర్వాత ప్రోగ్రామింగ్ సదుపాయమంతా అటే పోయింది. అవి అమెరికా బడుల కోసం తయారైనవి. మన పాఠాల్లో వాటికి చోటు లేదు కాబట్టి వాటిని ఇక్కడ విడిచిపెడుతున్నాను.

ఇప్పుడు దొరికేవాటిలో

ఇప్పుడు నిజంగా పోల్చి చూడవలసినవి నాలుగు. మొదటిది కాసియో ఎఫ్‌ఎక్స్-5800పీ. 2006లో వచ్చిన ఈ యంత్రంలో సుమారు 28 కిలోబైట్ల జాగా ఉంది, ఒక్క సన్న సెల్‌తో నడుస్తుంది. ఆ సెల్ ప్రతి కిరాణా కొట్టులోనూ దొరుకుతుంది. దీన్ని తక్కువ గుణంగా చూడవద్దు. ప్రోగ్రాములు ఫ్లాష్ మెమరీలో ఉంటాయి కాబట్టి సెల్ తీసేసినా పోవు. ఒక 5800 నుంచి మరో 5800కు తీగతో పంపవచ్చు గానీ కంప్యూటర్‌కు పంపలేం. భుజాలను వరుసగా అడిగి అంకణాలు చెప్పే మన ప్రోగ్రామ్ ఇందులో పాఠ్యపుస్తకపు సూత్రంలాగే కనబడుతుంది. ఆరు నెలల తర్వాత తెరిచినా అర్థమవుతుంది. రివర్స్ పోలిష్ ప్రోగ్రామ్‌కు ఈ మాట చెప్పలేను. నా సొంత ప్రోగ్రాముల ముందే నేను తెల్లమొహం వేసిన రోజులున్నాయి.

రెండోది 2023లో మళ్లీ విడుదలైన హెచ్‌పీ-15సీ కలెక్టర్స్ ఎడిషన్. రూపం పాతది, లోపలి చిప్పు కొత్తది; పాతదానికంటే వంద రెట్లకు పైగా వేగం. పెట్టెలోంచి తీయగానే పనిచేసే వస్తువు కావాలి, పాత మీటల స్పర్శ కూడా ఉండాలి అనుకునేవారికి ఇంతకంటే దగ్గరిది లేదు.

మూడోది స్విట్జర్లాండ్‌కు చెందిన స్విస్‌మైక్రోస్ వారి డీఎం42. ఇది 42ఎస్ పద్ధతిలో నడుస్తుంది, కాని యూఎస్‌బీ తీగ తగిలిస్తే కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్‌లా కనబడి ప్రోగ్రాములను ఫైళ్లుగా ఇస్తుంది. పాత యంత్రానికి ఉన్న ఒకే ఒక్క లోపాన్ని సరిదిద్దిన యంత్రమిది. విదేశం నుంచి తెప్పించుకోవాలి. కొరియర్, సుంకం కలిస్తే కాసియోలు రెండు మూడు వచ్చేంత ఖర్చు అవుతుందని ముందే అనుకోండి.

నాలుగోది ఖర్చు లేనిది. ఫ్రీ42 అనే అప్లికేషన్ ఫోన్‌లో 42ఎస్‌ను పూర్తిగా అనుకరిస్తుంది. థామస్ ఓకెన్ రాసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. పాత 42ఎస్ 12 అంకెల దాకా లెక్కిస్తే ఇది 34 అంకెల దాకా లెక్కిస్తుంది. ప్రోగ్రామ్ ఒక ఫైలు. వాట్సాప్‌లో పంపుకోవచ్చు, మెయిల్‌లో దాచుకోవచ్చు. ప్రోగ్రామ్ ఎక్కడ నిలుస్తుందన్న ప్రశ్నకు యాభై ఏళ్లలో వచ్చిన జవాబులన్నిటిలోనూ ఇదే మేలైనదని ఒప్పుకోక తప్పదు. ఇక మిగిలింది చేతి సౌఖ్యం. గాజు పలక మీద మీట తగిలిందో లేదో వేలికి తెలియదు; కోణాలు, దూరాలు కొలిచే టోటల్ స్టేషన్ మీద ఒక కన్ను, ఫీల్డ్ బుక్ మీద ఒక కన్ను పెట్టి మూడో కన్నుతో ఫోన్ చూడలేం. మే నెలలో ఏర్పేడు మైదానంలో ఫోన్ వేడెక్కి తెర మసకబారడం, సరిగ్గా కొలత మధ్యలో ఎవరో ఫోన్ చేయడం ఉండనే ఉన్నాయి.

ఎవరికి ఏది

నేర్చుకోవాలనుకునే విద్యార్థికి నా సలహా: పరీక్షకు ఎఫ్‌ఎక్స్-991, నేర్చుకోవడానికి ఫోన్‌లో ఫ్రీ42. ఆరు నెలల తర్వాత కూడా దాన్ని రోజూ తెరుస్తుంటే అప్పుడు యంత్రం కొనండి. ముందే కొన్నవాటిలో ఎక్కువ భాగం అలమారలోనే ఉంటాయి.

ఎండలో నిలబడి పనిచేసే సర్వేయర్‌కు ఎఫ్‌ఎక్స్-5800పీ. కిందపడినా బెంగలేదు, సెల్ ఎక్కడైనా దొరుకుతుంది, సహాయకుడి చేతికిచ్చినా వాడగలడు. అంకణానికి 36 అన్న సంఖ్యను ప్రోగ్రామ్ లోపల కొట్టకుండా విడిగా ఒక అక్షరంలో దాచుకోండి. గూడూరు దాటి పనికి వెళ్లిన రోజున దాన్ని 72గా మార్చుకుంటే చాలు. మీ వద్ద ముఖ్యమైన ప్రోగ్రాములు నాలుగైదు ఉంటే, వాటిని ఒక కాగితం మీద రాసి యంత్రం జేబులోనే పెట్టుకోండి. ఫ్లాష్ మెమరీని నమ్మవచ్చు, యంత్రం పోగొట్టుకోమని మాత్రం నమ్మకం లేదు.

నా వయసువారికి సలహా ఇవ్వడం కష్టం, ఎందుకంటే వారు లెక్క కోసం కొనడం లేదు. వాడుకుంటూ ఆనందించాలంటే 15సీ కలెక్టర్స్ ఎడిషన్ తీసుకోండి. నిజమైన పాతదే కావాలంటే, కార్డు యంత్రాల కంటే 41సీ వరుసలో వెతకండి. కదిలే భాగాలు లేవు కాబట్టి పాడయ్యేవి తక్కువ, బ్యాటరీ గదిలోని తాకుడు రేకులు తుప్పు పట్టాయేమో చూసుకుంటే చాలు. హెచ్‌పీ-65 గానీ టీఐ-59 గానీ కావాలని మనసు మొరాయిస్తే, చేతిలో స్క్రూడ్రైవర్, ఇంట్లో ఓపిక రెండూ ఉన్నాయని నిర్ధారించుకున్నాకే డబ్బు కట్టండి.

పాత యంత్రం ఏది కొన్నా అమ్మేవారి ఎదుటనో, వీడియో కాల్‌లోనో చేయించవలసిన పరీక్ష ఒకటుంది. మన త్రిభుజం ప్రోగ్రామ్‌ను కొట్టించి 39, 42, 45 ఇప్పించండి, 21 రావాలి. ఆ తర్వాత యంత్రాన్ని ఆపించి, టీ తాగి వచ్చేంత సేపు ఆగి, మళ్లీ ఆన్ చేయించి అవే భుజాలు ఇప్పించండి. ప్రోగ్రామ్‌ను నిలుపుకుంటుందని పేరున్న యంత్రం రెండోసారి 21 చూపలేదంటే మెమరీయో, బ్యాటరీ తాకుళ్లో దెబ్బతిన్నాయన్నమాట. బేరం అక్కడే ఆపండి. కార్డు యంత్రమైతే ఆపేముందు ప్రోగ్రామ్‌ను కార్డు మీదికి ఎక్కించి, ఆన్ చేశాక ఆ కార్డునే మళ్లీ లోపలికి పెట్టమని అడగండి, మోటారు చప్పుడు వినడంతో సరిపెట్టుకోకుండా కార్డు అవతలి వైపు బయటికి రావడం కళ్లారా చూడండి.